అసౌకర్యానికి చింతిస్తున్నాం

కన్నతల్లి పోయిన దినం విజయశ్రీ నోట్లెకెళ్ళి ఊడిపడ్డ మాట ఏందో చెప్తే మీకు గూడ నవ్వొస్తది. నవ్వుండ్రి, నేనేం అనుకోను. సొంత చుట్టాలే మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన్రు, మీరు నవ్వితే ఏం బోయింది? గని మొత్తం ఇన్నంక నవ్వుండ్రి, గంతే నేను చెప్పేది.

విజయశ్రీ ఉండేది చిక్కడపల్లిల. మెయిన్ రోడ్డు మీదికెళ్ళి గల్లీలకు మళ్ళితే రెండో ఇల్లు, మీదంతస్తుల పోర్షన్, కిరాయికి. మొగడు ఉదయ్ కుమార్. బుద్ధిమంతుడు, తన మోకాళ్ళ నొప్పి తప్ప లోకంల ఇంకో పరేషాన్ లేనోడు. ఈమె నౌకరి నారాయణగూడల. ఇంటింటికి నెట్ వైరు గుంజే కంపెనీ ఒకటుంది, పేరెందుకు మనకు. దాని కంప్లైంట్ల ఆఫీసు ఫ్లైఓవర్ దగ్గర ఒక బేకరీ మీద ఉంటది. పొద్దున పోయి చెవులకు హెడ్‌సెట్ తగిలిచ్చుకున్నదంటే సాయంత్రం దాంక తిట్లే. "నెట్ వస్తలేదు" అని మొదలుపెడ్తరు, తాతముత్తాతల దాంక పోతరు. క్రికెట్ మ్యాచ్ ఉన్ననాడు వాన పడ్డదనుకోండ్రి, ఇగ ఆ దినం ఆ ఆఫీసుల కూసున్నోళ్ళది ఏ జన్మల పాపమో.

తిడితే తిట్టిన్రు, జవాబన్న సొంతంగ చెప్పుకోనిస్తరా అంటే అదీ లేదు. కంపెనీ రాసిచ్చిన మాటలే అప్పజెప్పాలె, అది గూడ పుస్తకాల తెలుగుల. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ ఇబ్బందిని మేము అర్థం చేసుకున్నాం. మీ సహనానికి ధన్యవాదాలు." ప్రతి కాల్ రికార్డ్ అయితది. "అయ్యో అట్లనా అన్నా, జర ఆగు చూస్త" అన్నదంటే మార్కులు కట్. మనిషి లెక్క మాట్లాడితే మార్కులు కట్ చేసే ఆఫీసు, అట్లుంటది మన ఖర్మ.

నౌకరి కొత్తల ఇంటికి రాంగనే బాత్‌రూంల నల్ల ఇప్పుకుని ఏడ్చేది. ఉదయ్ కుమార్ తలుపవుతల నిలబడి, "విజయా, ఏమైంది? నీళ్ళు ఉత్తగ పోతున్నయి," అనేటోడు. పాపం, ఆయనకు అంతకన్న తెల్వది. తర్వాత్తర్వాత ఏడుపు తగ్గింది, కోపం గూడ తగ్గింది. అవుతలోడు అమ్మా ఆలీ అని తిడుతుంటే ఈమె గోడకున్న క్యాలెండర్ల పండుగలు చూసుకుంట "మీ సహనానికి ధన్యవాదాలు" అనేది. ఇంట్ల గూడ అంతే. కూరల ఉప్పెక్కువైందంటే "సరే" అనేది, సిన్మాకు పోదామంటే "సరే" అనేది, వద్దు తీయ్ అంటే అదీ సరే. ఉదయ్ కుమార్ మస్తు ఖుష్. "మా విజయ శాంతమైంది, ముందటి లెక్క లొల్లి పెడ్తలేదు," అని గల్లీల చెప్పుకున్నడు. లొల్లి పెట్టని పెండ్లాం ఎవరికి చేదు? ఆ శాంతం ఎక్కడికెళ్ళి వచ్చిందో ఆయన అడగలే, ఈమె చెప్పలే.

ఇగ అసలు సంగతికొస్త. విజయశ్రీకి ఒక్కతే అక్క, విద్యావతి. అశోక్‌నగర్ల ఉంటది. కింద వాళ్ళుంటరు, మీది రెండంతస్తులు సర్కారు నౌకర్ల కోసం సదువుకునే పిల్లల హాస్టల్‌కు కిరాయికిచ్చిన్రు. తల్లి చివరి దినాలన్ని అక్క ఇంట్లనే గడిచినయి. ఎత్తుడు, కడుగుడు, తినిపిచ్చుడు అంత విద్యావతే చేసింది. విజయశ్రీ ఆదివారం ఆదివారం బత్తాయిలు పట్టుకుని పోయేది, జరసేపు కూసుని వచ్చేది.

ఎండకాలం ఒక మధ్యాహ్నం తల్లి పోయింది. ఆఫీసుల సెల్‌ఫోన్లు లాకర్‌ల పెట్టిపిస్తరు గద, తిండి గంటకు తీసి చూస్తే అక్క ఫోన్లు వరుసగ ఉన్నయి. ఆటో పట్టుకుని పోయింది.

మా దిక్కు ఒక పద్ధతున్నది. సావుకు బిడ్డ గడపల అడుగు పెట్టంగనే లోపలున్న అక్కచెల్లెండ్లు లేసొచ్చి మెడ పట్టుకుంటరు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని, మాటలు కట్టి, రాగం తీసి ఏడుస్తరు. ఆ ఏడుపుల అన్నుంటయి. పోయినామె గుణాలుంటయి, చేసిన చాకిరి ఉంటది, రావాల్సిన టైముకు రాలేదన్న దెప్పుడు గూడ ఉంటది. ఇద్దరు కలిసి ఏడ్చేసరికి నడుమల ఏమన్న కోపతాపాలుంటే అవి గూడ కొట్టుకపోతయి. సదువుకున్నోళ్ళకు ఇది మోటుగ కొడ్తది. కొట్టనీయుండ్రి, దానికున్న లాభం దానికుంది.

విద్యావతి లేసొచ్చింది. చెల్లె మెడ చుట్టు చేతులేసింది. "ఓ విజ్జీ... అమ్మ పోయిందే విజ్జీ... చిన్నది రాలేదా, చిన్నది రాలేదా అని నిన్నే అడిగిందే విజ్జీ..." అని రాగం తీసింది. ఇప్పుడు విజయశ్రీ అందుకోవాలె. ఇంట్లున్న ఆడోళ్ళంత ఆమె గొంతు కోసమే చూస్తున్నరు. ఆమె నోరు తెరిచింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం," అన్నది.

అక్క ఏడుపు నడుమల ఆగిపోయింది. ఎనుక ఎవరో కిసుక్కుమన్నరు. ఇంకెవరో "ఏందే గది?" అన్నరు. విద్యావతి మెడ ఇడిసి, ఒక అడుగు ఎనుకకు జరిగి చెల్లె మొఖం చూసింది. ఆ మొఖంల సిగ్గు లేదు, దుఃఖం లేదు, ఏం లేదు.

"ఎక్కిరిస్తున్నవానే నన్ను?" అన్నది విద్యావతి. "అమ్మ శవం ముందట పెట్టుకుని, నీ ఆఫీసుకు ఫోన్ చేసినోళ్ళతోటి మాట్లాడినట్టు మాట్లాడ్తవా? ఇన్ని దినాలు నేను చేసిన దానికి గిదా నీ మాట? దినాలు కాంగనే పో. ఇగ నా గడప తొక్కకు."

దినాలు అయ్యేదాంక విజయశ్రీ ఒక మూలకు నిలబడ్డది, చెప్పిన పని చేసింది, వచ్చేసింది. చుట్టాల పెండ్లిళ్ళల పోరగాండ్లు ఆమె ఎనుక "చింతిస్తున్నాం ఆంటీ వచ్చింది" అని గుసగుస పెట్టిన్రు. అది గూడ ఆమెకు ఇనొచ్చింది. తాకలే. పరాయోళ్ళ తిట్లు తాకక పోవుడు వరమే, గని అక్క ఫోన్ ఎత్తకపోతే గూడ తాకక పోవుడు ఏం వరం? విద్యావతి ఆమెకు తల్లి లెక్క. జడలు అల్లింది అక్కనే, మొదటి చీర కట్టిచ్చింది అక్కనే, కడుపు పోయిననాడు పక్కల పండుకున్నది అక్కనే. అక్క లేకుంటే ఈ ఊర్ల తనదని చెప్పుకునే మనిషి లేదు. ఇదంత విజయశ్రీకి ఎరుకే. ఎరుక మాత్రమే ఉంది, దాని కింద ఉండాల్సిన మంట లేదు.

చలికాలంల ఆఫీసుల ఒక పోరడు కస్టమర్ తిట్లకు ఆగలేక హెడ్‌సెట్ గోడకేసి కొట్టిండు. అప్పుడు మేనేజర్ ప్రేమ్‌సాగర్‌కు భయమైంది. పోరని గురించి కాదు, హెడ్‌సెట్ల గురించి. హెడ్ ఆఫీసుకు చెప్పి, ఒత్తిడి తగ్గిచ్చుకునే క్లాసులని, మైండ్‌ఫుల్‌నెస్ అని, సుహాసిని అనే మేడంను పిలిపిచ్చిండు. బుధవారం బుధవారం, రౌటర్ డబ్బాలు పేర్చిన రూంల క్లాసు. ఆమె మంచిదే, మెత్తగ మాట్లాడుతది, విజయవాడ దిక్కు మాట. ఊపిరి మీద ధ్యాస పెట్టండి, ఆలోచన వస్తే రానివ్వండి, పోతే పోనివ్వండి, అనేది. కొంతమందికి నిజంగనే లాభమైంది. హెడ్‌సెట్ పగలగొట్టిన పోరడు ఇప్పుడు కాల్‌కు కాల్‌కు నడుమ కండ్లు మూసుకుని మూడు ఊపిర్లు తీసుకుంటడు, మంచిగున్నడు.

మొదటి క్లాసుల అందరి చేతుల ఒక్కొక్క కిస్మిస్ పెట్టింది. "మెల్లగా నమలండి. ఏమనిపిస్తోందో చెప్పండి," అన్నది. ఒకామె తియ్యగుందన్నది. ఒకాయన పాయసం యాదికొచ్చిందన్నడు. విజయశ్రీ వంతొచ్చింది.

"కిస్మిస్ లెక్కనే ఉంది మేడం. ఏం అనిపిస్తలేదు."

"అద్భుతం!" అన్నది సుహాసిని. "చూశారా, ఏ కథా కల్పించుకోకుండా, ఉన్నది ఉన్నట్టు చూశారు. విజయశ్రీ గారిలా ఉండాలి."

ఇగ ఏంది, ఆఫీసుల ఆమె మోడల్ అయింది. గంట సేపు కదలకుంట కూసుంటది, తిట్లు తిన్నంక గూడ నాడి ఒక్క తీరు కొట్టుకుంటది. ప్రేమ్‌సాగర్ చప్పట్లు కొట్టిచ్చి "మైండ్‌ఫుల్‌నెస్ చాంపియన్" అని బ్యాడ్జి పెట్టిండు, ఫోటో గోడకెక్కిచ్చిండు. గోడకెక్కిచ్చి ఊకున్నడా? ఎవ్వరికి లొంగని కస్టమర్లనంత ఈమెకే మలుపుడు షురూ చేసిండు. "విజయ మేడంకు ఇయ్యుండ్రి, ఆమెకేం కాదు," అని. గాడిదకు బరువు మోయొస్తదని తెలిస్తే ఇంకో మూట పెడ్తరు గద, అట్ల.

అట్ల నడుస్తుండంగ మళ్ళ ఎండలు ముదిరినయి. ఒకనాడు పిన్నమ్మ ఫోన్ చేసింది.

"వచ్చే గురువారం మీ అమ్మ సంవత్సరీకం. నీకు చెప్పొద్దన్నది మీ అక్క. నేను చెప్పిన్నని చెప్పకు," అన్నది. "ఈలోపలనే వచ్చి అక్క మెడ పట్టుకుని ఏడువు బిడ్డా. ఏడాది దాటినంక ఏడ్వొద్దంటరు, పోయినోళ్ళ తొవ్వ బురదైతదంట. ఈసారి తప్పిందంటే ఇగ ఆమె నిన్ను కలుపుకోదు, నాకు తెలుసు దాని మొండితనం."

"సరే పిన్నమ్మా," అన్నది విజయశ్రీ.

ఆ సాయంత్రం ఏడుద్దామని కూసున్నది. నిజమే చెప్తున్న, పని పెట్టుకుని కూసున్నది. తల్లి ఫోటో ముందట పెట్టుకున్నది. చిన్నప్పటి ముచ్చట్లు ఒక్కొక్కటి యాది చేసుకున్నది. అన్ని యాదికొచ్చినయి, కండ్లు మాత్రం ఎండగనే ఉన్నయి. ఉల్లిగడ్డలు కోసుకుని ఆటో ఎక్కుదామా అని గూడ ఆలోచన చేసింది. అశోక్‌నగర్ చేరేవరకు ఆరిపోతయి గద అని ఇడిసిపెట్టింది.

సంవత్సరీకం ముందటి దినం బుధవారం, క్లాసు. సుహాసిని అందరిని కుర్చీలల్ల ఎనుకకు ఆనమన్నది. అరికాళ్ళ కాడికెళ్ళి మొదలుపెట్టి ఒళ్ళంత చూసుకుంట పైకి రావాలె. "మార్చడానికి ప్రయత్నించకండి. అక్కడ ఏముందో ఊరికే చూడండి," అన్నది.

విజయశ్రీ ఏ పని చెప్పినా నిజాయితీగ చేస్తది. అరికాళ్ళకు ఫ్యాన్ గాలి తగులుతుంది, చూసింది. నడుము నొస్తుంది, చూసింది. "ఇప్పుడు గుండె, ఆ తర్వాత గొంతు," అన్నది సుహాసిని. అక్కడికొచ్చేసరికి ఏం దొరకలే. పన్ను పీకే డాక్టర్ సూదిచ్చినంక దవడ ఉన్నట్టే ఉంటది, మనది కానట్టుంటది, సూడుండ్రి, గట్లున్నది. మెడ నుంచి పొట్ట దాంక అంత గట్లనే. కొరుక్కున్నా తెల్వది. ఎన్నేండ్ల నుంచి ఇట్లున్నదో అని అనుకున్నది, అనుకోంగనే భయమైంది. కండ్లు తెరిచింది.

"మేడం, నాకు ఏం అనిపిస్తలేదు."

"చాలా బాగుంది విజయశ్రీ గారూ, ఆ స్థితిలోనే..."

"బాగలేదు మేడం."

రూంల అందరు కండ్లు తెరిచిన్రు. విజయశ్రీ లేసి నిలబడ్డది. "మా అమ్మ సచ్చిపోతే నాకు ఏడుపు రాలే. మా అక్క మెడ పట్టుకుంటే కస్టమర్‌కు చెప్పినట్టు చెప్పిన. మీరు అద్భుతమంటున్నరు, మా ఇంటాయన శాంతమైందంటున్నడు. శాంతం కాదు మేడం ఇది. మా తాన దీన్ని సోయి లేదంటరు. మనిషున్నది, సోయి లేదు."

ప్రేమ్‌సాగర్ తలుపు కాడికెళ్ళి, "విజయ మేడం, తర్వాత మాట్లాడుకుందాం, హెడ్ ఆఫీసు వాళ్ళు ఫోటోలకు వస్తున్నరు," అన్నడు. సుహాసిని ఆయనను చేత్తోటి ఆపి, విజయశ్రీని వరండలకు తీసుకపోయింది.

"నన్ను క్షమించండి," అన్నది. "కదలకుండా కూర్చున్నారు కదా అని ప్రశాంతత అనుకున్నాను. అది నా పొరపాటు. మీది బాగా మొద్దుబారిపోవడం. దీనికి నా క్లాసు చాలదు, కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాలి. నేనే మాట్లాడి పెడతాను, వెళ్తారా?"

"పోత మేడం. గని రేపు సంవత్సరీకం. రేపటిలోపల ఏడుపు రావాలె."

"రప్పించుకోవాలని చూడకండి. రాదు, వచ్చినా అది మీది కాదు," అన్నది సుహాసిని. "ఏమీ లేదని ఇందాక చూశారే, అది నిజం. మీ దగ్గర ఇప్పుడు ఉన్నది అదొక్కటే. వెళ్ళి అదే చెప్పండి మీ అక్కకి."

విజయశ్రీ మళ్ళ సీటు మీదికి పోలే. బ్యాడ్జి తీసి ప్రేమ్‌సాగర్ టేబుల్ మీద పెట్టింది, పర్మిషన్ అడగకుంట మెట్లు దిగింది. మెట్రో పిల్లర్ల నీడ పట్టుకుని నడిచింది. చిక్కడపల్లిల తన ఇంటి గల్లీ మలుపు వచ్చినా ఆగలే, సీదా అశోక్‌నగర్ దిక్కు పోయింది. కోచింగ్ సెంటర్ల బోర్డులు, జిరాక్స్ షాపులు, టీ బండి కాడ చేతుల పుస్తకం పట్టుకుని నిలబడ్డ పిల్లలు, అంత చూసుకుంటనే పోయింది. ధైర్యమేం లేదు, భయమైతే ఉంది. ఆ భయమొక్కటే తనదనిపిచ్చింది, దాన్ని ఇడవకుంట పట్టుకపోయింది.

విద్యావతి గడపల కూసుని రేపటి వంటకు చాటల బియ్యం ఏరుతున్నది. మీద హాస్టల్ల పిల్లలు పైకి సదువుతున్న సప్పుడు ఇనొస్తుంది. చెల్లెను చూసి ఆమె చెయ్యి ఆగింది, మళ్ళ ఏరుడు షురూ చేసింది.

"ఎవరు చెప్పిన్రు నీకు?" అన్నది తల ఎత్తకుంట.

విజయశ్రీ పిన్నమ్మ పేరు ఎత్తకుంట చెప్పులు ఇడిసింది.

"ఏడ్వనీకి వచ్చినవా? ఏడువు మరి. నేను గూడ చూస్త."

"ఏడుపొస్తలేదక్కా."

"మరెందుకొచ్చినవ్?"

"రాదని చెప్పనీకే వచ్చిన."

విద్యావతి తలెత్తింది. విజయశ్రీ గడప బయటనే నిలబడ్డది, తొక్కొద్దన్నరు గద. "నిన్ను ఎక్కిరియ్యలే అక్కా," అన్నది. "అమ్మ మీదొట్టు. ఆ దినం నీ లెక్కనే ఏడుద్దామని నోరు తెరిచిన. లోపల ఎతికితే వేరే మాట దొరకలే. రోజంత ఆ మాటలే అంటనా, అవే ఉన్నయి. అమ్మను తలుచుకుంటే ఏం అయితలేదు నాకు. చుట్టాలు నవ్వితే ఏం అయితలేదు. నువ్వు వద్దన్నా ఏం కాలే. ఇప్పుడు నిన్ను చూస్తున్న, ఇప్పుడు గూడ ఏం అయితలేదక్కా. నిన్ను చూసినా ఏం కాకపోయేసరికి నాకు భయమైతుంది."

విద్యావతి చాట పక్కకు పెట్టింది. "ఎప్పటికెళ్ళి ఇట్లుంది?"

"తెల్వదు. అమ్మ పోకముందుకెళ్ళే."

"ఆదివారం వస్తుంటివి గద, బత్తాయిలు పట్టుకుని. అప్పుడు గూడనా?"

"అప్పుడు గూడ."

"నాకెందుకు చెప్పలేవే?"

"నాకు తెలిస్తే గద చెప్పనీకి."

విద్యావతికి కోపమొచ్చింది. ఎవరి మీదనో ఆమెకు గూడ తెల్వలే. "ఏడాదే విజ్జీ!" అని ఒర్రింది. "ఏడాది నిన్ను తిట్టుకుంట అన్నం తిన్న. అమ్మ ఫోటో ముందట నిలబడి, నీ చిన్నబిడ్డంత పాపిష్టిది లేదని దీపం పెట్టినప్పుడల్ల చెప్పిన. నువ్వేమో రాయోలె అయి ఆడ కూసున్నవ్. నేనొచ్చి ఒక్కసారి చూస్తే ఏం బోతుండె? చిక్కడపల్లి ఏమన్న లండన్ల ఉందా?" ఆమె లేసి తొవ్వ ఇచ్చింది. "లోపలికి రా. ఆడ నిలబడకు బిచ్చపామె లెక్క."

విజయశ్రీ గడప దాటి లోపలికి వచ్చింది. తల్లి ఫోటోకు రేపటి దండ అప్పుడే తెచ్చిపెట్టిన్రు. ఇద్దరు దాని ముందట నిలబడ్డరు.

"రేపటితోటి ఏడాది అయిపోతది," అన్నది విద్యావతి. "ఇగ ఏడ్వొద్దు."

"తెలుసక్కా."

"నీది గట్లనే మిగిలిపోతదా మరి?"

"నాకు రాదక్కా. నిజంగ రాదు."

విద్యావతి కొంగు నడుముకు దోపుకుని కింద కూసున్నది, చెల్లె చెయ్యి పట్టి గుంజి పక్కల కూసుండబెట్టుకున్నది.

"రాకుంటే ఏమాయె," అన్నది. "నువ్వు ఉత్తగ కూసో. నీది గూడ నేనే ఏడుస్త."

చెల్లె మెడ చుట్టు చేతులేసి రాగమెత్తుకున్నది. "ఓ నా తల్లీ... నీ చిన్నబిడ్డ వచ్చిందే అమ్మా... ఏడాదికి వచ్చిందే అమ్మా... దానికి ఏడుపు రాదంట అమ్మా... ఊరోళ్ళ తిట్లు తిని తిని దాని లోపల ఎండిపోయిందే అమ్మా... అక్కనై ఉండి నేను చూడలేదే అమ్మా... దాని మీద కోపం పెట్టుకోకే అమ్మా... ఈ ఏడుపు నాది కాదే, దానిదే అనుకోవే అమ్మా..."

మీద హాస్టల్ల సదువు సప్పుడు ఆగిపోయింది. పక్కింటామె పరుగున వచ్చి కిటికీల నుంచి, "ఏమైంది విద్యావతక్కా, ఎవరన్న పోయిన్రా?" అన్నది. విద్యావతి ఏడుపాపి, "ఎవరు పోలే, మా చెల్లె వచ్చింది," అని చెప్పి, ఆపిన కాడికెళ్ళి మళ్ళ అందుకున్నది.

విజయశ్రీ కదలకుంట కూసున్నది. కండ్లల్ల నీళ్ళు రాలే. అక్క కన్నీళ్ళు ఆమె భుజం మీద పడి జాకెట్ తడుస్తుంది, ఆ తడి వెచ్చగ ఉన్నట్టు తెలుస్తుంది. అక్క గొంతుల తన పేరు వచ్చినప్పుడల్ల ఇంటున్నది. ఇంకేం లేదు. అంతే ఉంది.

జరసేపటికి విద్యావతికి గొంతు పట్టేసింది. ఏడుపు ఆపి, చెల్లె గదువ పట్టి మొఖం తన దిక్కు తిప్పుకుని చూసింది. "ఏమన్న అయితుందానే?"

"తెల్వదక్కా," అన్నది విజయశ్రీ. "ఇంకొంచెం సేపు ఏడువు."

విద్యావతి కొంగు గుంజి ముక్కు తుడుచుకుని, మళ్ళ రాగమందుకున్నది.